మాటిమాటికీ తెగే వైఫైకి ఇంటెల్ ఏఎక్స్210 కార్డు: ఒక వీణ టీచర్ రివ్యూ

లాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతూ, అదే చోట ఫోన్లో మాత్రం బాగా వస్తుంటే తొందరపడి రౌటర్ మార్చకండి, కనెక్షన్ మార్చకండి, కొత్త లాప్‌టాప్ అసలే కొనకండి. లోపల ఉండే వైఫై కార్డు ఒక్కటి మారిస్తే సరిపోవచ్చు. నేను ఇంటెల్ ఏఎక్స్210 అనే కార్డు వేయించుకున్నాను. కార్డు, బిగింపు కలిపి రెండు వేల పైచిలుకు అయింది. కొన్ని నెలలుగా రోజూ దాని మీదే పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్య కాలంలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

మాది విజయనగరం. వీణ నేర్పుతాను. ఊళ్లో పిల్లలు సాయంత్రాలు ఇంటికొస్తారు. పొద్దున్నపూట మాత్రం అమెరికా పిల్లలు, ఎక్కువమంది డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ల పిల్లలే. వాళ్లకి రాత్రి ఏడున్నర అంటే వేసవిలో మనకి పొద్దున్న ఆరు. చలికాలంలో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి మనకి ఏడవుతుంది. బడి, హోంవర్కు అన్నీ అయ్యాక కళ్లు మూతలు పడుతున్నా వీణ ముందు కూర్చునే పిల్లలు వాళ్లు. వాళ్ల టైము ఒక్క నిమిషం వృథా అయినా నాకు మనసొప్పదు.

మామూలు మీటింగులో ఒక మాట వినబడకపోతే ఇంకోసారి అడుగుతారు, అయిపోతుంది. సంగీతంలో అలా కాదు. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది ఊగకపోతే అసలు తోడే కాదు. తీగని పక్కకి లాగి రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊపుతున్నప్పుడు సరిగ్గా అక్కడ అర సెకను పోయిందంటే, అవతల పిల్లకి వినబడేది ఊపు లేని ఒట్టి స్వరం. ఆ పిల్ల విన్నదే మీటుతుంది. వేలికి ఒకసారి అలవాటైపోయిన గమకాన్ని సరిదిద్దడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. దీనికి తోడు జూమ్‌లో శబ్దం ఆగి మళ్లీ వచ్చినప్పుడు, వెనకబడిన ముక్కంతా గబగబా పరిగెత్తుకుంటూ వచ్చేస్తుంది. తాళం వేస్తున్న పిల్ల చెయ్యి ఎక్కడ పడాలో తెలియక గాల్లో ఆగిపోతుంది. "టీచర్ గారూ, మీ వీణ మధ్యమధ్యలో తెగిపోతోందండీ, పాప ఏడుపు మొహం పెడుతోంది" అని ఒక తల్లి మెసేజ్ పెట్టాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

నెట్ కనెక్షన్ వాళ్ల మనిషి వచ్చి, ఫోన్లో స్పీడ్ టెస్ట్ చేసి, 100 ఎంబీపీఎస్ వస్తోంది కదా అమ్మా అని వెళ్లిపోయాడు. లాప్‌టాప్‌ని విశాఖలో ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, మూత కూడా తెరవకుండానే మదర్‌బోర్డు మార్చాలన్నారు. చెప్పిన రేటు లాప్‌టాప్ ఖరీదులో మూడో వంతుకి దగ్గరగా ఉంది. పరీక్ష చేయకుండా అంత మాట ఎలా అంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్కడ కూర్చున్న వాళ్లలో ఎంతమంది ఆ మాట నమ్మి డబ్బు కట్టి ఉంటారో అనిపిస్తే బాధగా ఉంటుంది.

దారి చూపించింది నా విద్యార్థిని తండ్రి. డాలస్‌లో నెట్‌వర్క్ ఇంజినీరు. "గురువుగారూ, డబ్బు పెట్టే ముందు అసలు ఎక్కడ తెగుతోందో చూద్దామండీ" అన్నాడు. రెండు రాత్రులు నిద్ర మానుకుని వీడియో కాల్‌లో కూర్చుని అన్నీ చేయించాడు. ఈ రివ్యూలో పనికొచ్చేదేమైనా ఉంటే ఆ పుణ్యం అతనిదే.

అతను చెప్పింది ఇదీ. మన లాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక దారి, రౌటర్ నుంచి బయటికి ఇంకో దారి. రెంటిలో ఏది తెగినా మనకి కనిపించేది ఒకటే, నెట్ రావట్లేదని. అందుకే విడదీసి చూడాలి. విండోస్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొడితే ఒక నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే, డిఫాల్ట్ గేట్‌వే అనే వరసలో ఒక నంబరు కనిపిస్తుంది. అదే మన రౌటర్ అడ్రసు. మా ఇంట్లో 192.168.1.1. ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం కొట్టాలి. ఇవన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలనుకోండి. అలాంటిదే ఇంకో కిటికీ తెరిచి అందులో రౌటర్ నంబరుకి బదులు 8.8.8.8 ఇవ్వాలి. అది గూగుల్ వాళ్ల సర్వర్. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టుకుని పాఠం చెప్పే టైములోనే చూస్తూ కూర్చోవాలి.

లాప్‌టాప్ రౌటర్‌ని సెకనుకోసారి పలకరిస్తుంది, రౌటర్ బదులిస్తుంది. ఆ బదులు రావడానికి ఎంత సేపు పట్టిందో ప్రతి వరస చివరా ఉంటుంది. ఇంట్లో రౌటరే కాబట్టి రెండు, మూడు మిల్లీసెకన్లలో రావాలి. నాకు 3, 4, 3 అని వస్తూ వస్తూ ఉన్నట్టుండి 640, ఆ కిందే 1180, ఆ తర్వాత "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్". మళ్లీ 4, 3, 3. సరిగ్గా అదే క్షణాల్లో రెండో కిటికీ కూడా తడబడేది. రౌటర్ కిటికీ శుభ్రంగా ఉండి, రెండోది మాత్రమే తెగుతుంటే తప్పు నెట్ కంపెనీ వాళ్ల లైన్‌ది, వాళ్లని గట్టిగా అడగొచ్చు. రౌటర్ దాకానే తెగుతోందంటే వ్యవహారం మన ఇంటి లోపలే ఉంది. నాది ఈ రెండో రకం. అదే గదిలో అదే చాప మీద ఫోన్ పెట్టి చూస్తే ఏ ఇబ్బందీ లేదు. అంటే రౌటర్ కూడా మంచిదే.

తర్వాత లాప్‌టాప్‌ని హాల్లోకి తెచ్చి, యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న లాన్ అడాప్టర్ తగిలించి, రౌటర్‌కి నేరుగా వైరు కలిపాం. నా లాప్‌టాప్ సన్నరకం, దానికి లాన్ వైరు పెట్టే చోటే లేదు. వైరు మీద పింగ్ ఒక్కసారి కూడా ఊగలేదు. వైరు మీద ఇంత బాగుంటే మదర్‌బోర్డు మార్చమన్న మాటకి అర్థమేముంది?

మిగతా పరీక్షలు త్వరత్వరగా చెప్పేస్తాను. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న అర్థంలో ఉండే టిక్కు తీసేశాను. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు, కంగారు పడకండి. దీంతో పూర్తిగా తెగిపోవడం కొంచెం తగ్గింది, తడబాటు మాత్రం తగ్గలేదు. డ్రైవర్ తీసేసి లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి కొత్తది వేస్తే తేడా ఏమీ లేదు. పాఠాలు రికార్డు చేసుకునే హార్డ్ డిస్కుని లాప్‌టాప్‌కి దూరంగా జరిపాను. వైఫై నడిచే రేడియో పట్టీలు ముఖ్యంగా రెండు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుందని ఇంటెల్ వాళ్లే 2012లో ఒక పత్రంలో చెప్పారట. దూరం జరిపాక కొద్దిగా మెరుగుపడింది. పైసా ఖర్చులేని పని కాబట్టి ముందు అది చేసి చూడండి.

అసలు గుట్టు బయటపడింది బ్లూటూత్ దగ్గర. వీణకి వైరు చిక్కుకోకుండా నేను బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. "ఒక్క నిమిషం బ్లూటూత్ ఆపండి గురువుగారూ" అన్నాడు. ఆపగానే పింగ్ చాలా మటుకు కుదుటపడింది. పెట్టగానే మళ్లీ 600, 900. అప్పుడు ఇంకో కమాండ్ కొట్టించాడు. నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అని నాలుగు మాటలు. అందులో రేడియో టైప్ 802.11ఎన్ (పాత తరం వైఫై) అనీ, వేగం 72 ఎంబీపీఎస్ అనీ చూపించింది. అది చూసి అతను ఒక నిట్టూర్పు విడిచాడు. నా లాప్‌టాప్‌లో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేసే, ఒకే ఒక్క యాంటెన్నా ఉన్న కార్డు. బ్లూటూత్ పనిచేసేదీ ఆ 2.4 లోనే. అంటే ఒకే యాంటెన్నాని వైఫై కాసేపు, బ్లూటూత్ కాసేపు వంతులవారీగా వాడుకుంటున్నాయి. నా వీణ అటు వెళ్లాలి, పిల్ల వీణ ఇటు రావాలి, మళ్లీ అది నా చెవిలోకి వెళ్లాలి. ఇన్నీ ఆ ఒక్క యాంటెన్నా మీదే. పైగా చుట్టూ ఉన్న ఇళ్ల రౌటర్లన్నీ ఆ 2.4 లోనే. ఒకదానికొకటి అడ్డం రాకుండా అందులో వాడుకోగలిగేవి 1, 6, 11 అని మూడే ఛానళ్లు. ఫోన్ మాత్రం 5 గిగాహెర్ట్జ్ పట్టుకుని హాయిగా ఉంది.

ఇది నాకు చాలా కష్టంగా అనిపించిన విషయం. లాప్‌టాప్ కొన్నప్పుడు ప్రాసెసర్ గురించి, ర్యామ్ గురించి, తెర గురించి అరగంట చెప్పారు. వైఫై ఉందా అంటే ఉందండీ అన్నారు. ఎన్ని యాంటెన్నాలు, 5 గిగాహెర్ట్జ్ పడుతుందా అని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఎందుకు వేయరు? ఇంట్లో కూర్చుని దీని మీదే బతుకు వెళ్లదీసే ట్యూషన్ టీచర్లు, అకౌంట్లు రాసేవాళ్లు, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు ఎంతమంది లేరు? కొన్ని వందలు మిగుల్చుకోవడానికి కంపెనీలు చేసే ఈ పనికి వాళ్లు రోజూ నష్టపోతున్నారు.

కార్డు ఆన్‌లైన్‌లో తెప్పించాను. బిగించింది మా ఊళ్లో గంటస్తంభం దగ్గర చిన్న రిపేరు షాపులో ఒక కుర్రాడు. విండోస్‌లో చేయాల్సిన పనులు మనకి ఓపికుంటే మనమే చేసుకోవచ్చు గానీ, ఇది చేయి తిరిగినవాళ్లు చేస్తేనే మంచిదని పక్కన కూర్చుని చూశాక అనిపించింది. కింద రబ్బరు పట్టీలు ఊడదీస్తే వాటి అడుగున కూడా స్క్రూలున్నాయి. వెనక రేకు తీశాక ముందుగా బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాడు. ఎందుకు నాయనా అంటే "కరెంటుండగా కార్డు ముట్టుకోకూడదమ్మా" అన్నాడు. కార్డు అడ్డం 22, నిలువు 30 మిల్లీమీటర్లు, ఒకే స్క్రూతో బిగించి ఉంది. దాని మీదికి ఒక్క వైరే వచ్చింది. రెండో వైరు చివర సన్నటి ప్లాస్టిక్ తొడుగు వేసి పక్కన ఊరికే పడేసి ఉంది. అంటే తెర చుట్టూ రెండో యాంటెన్నా పెట్టారు, వైరు కిందిదాకా లాగారు, కార్డు మాత్రం ఒంటి యాంటెన్నాది పెట్టారు!

ఆ వైరు చివర ఉండే ఇత్తడి కనెక్టర్ ఆవగింజంత ఉంటుంది. దాన్ని కార్డు మీదున్న గుండ్రటి బొడిపె మీద సరిగ్గా నిటారుగా పెట్టి నొక్కాలి. కొంచెం పక్కకి ఒరిగినా నలిగిపోతుంది, ఇక ఆ వైరు దేనికీ పనికిరాదు. కుర్రాడు చిమటాతో పట్టి ఆనించి, వేలి కొసతో నొక్కాడు. టిక్ మని చిన్న చప్పుడు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు, నేనూ అంతే. రెండోది కూడా అలాగే కూర్చోబెట్టి, పాత కార్డుని చిన్న కవర్లో వేసి నా చేతికిచ్చాడు. అడక్కుండానే పాత పార్టు తిరిగిచ్చే షాపు మీద నాకు గౌరవం.

ఇక కార్డు సంగతి. హాల్లో రౌటర్ పక్కన అదే నెట్‌ష్ కమాండ్ కొడితే 72 ఉన్నచోట 866 చూపించింది. రేడియో టైప్ 802.11ఏసీ (అంటే వైఫై 5), 5 గిగాహెర్ట్జ్. నేను పాఠం చెప్పే వెనక గదికీ హాలుకీ మధ్య పాతకాలపు మందపాటి గోడలున్నాయి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. అయినా అక్కడ 390 నుంచి 520 దాకా ఉంటోంది. నాకు కావలసింది ఈ అంకెలు కాదు, పింగ్. బ్లూటూత్ పెట్టుకునే, పాఠం జరుగుతుండగానే, 2, 3, 4, ఎప్పుడో ఒకసారి 15. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అని ఒకటుంటుంది. అది పెట్టకపోతే జూమ్ నా తంబురా శ్రుతిని రొద అనుకుని అణిచేస్తుంది. పెడితే డేటా ఎక్కువ తింటుంది. పాత కార్డుతో దాన్ని వాడే ధైర్యం ఉండేది కాదు. ఇప్పుడు ప్రతి పాఠంలోనూ అదే వాడుతున్నాను. మంద్రంలో తీగ మీటాక ఆ నాదం సన్నగిల్లే దాకా వినబడుతోందని అక్కడి పిల్లలే చెబుతున్నారు.

రౌటర్‌లో కూడా ఒక మార్పు చేశాం. 5 గిగాహెర్ట్జ్‌ని ఆటో నుంచి తీసి ఛానల్ 36 మీద పెట్టాం. 52 నుంచి 144 దాకా ఉండే ఛానళ్లలో రాడార్ సిగ్నల్ తగిలితే రౌటర్ ఆ ఛానల్ వదిలి వెళ్లిపోవాలనే నియమం చాలా దేశాల్లో ఉంది. ఆ మారే సమయంలో కనెక్షన్ తెగుతుంది. 36 నుంచి 48 దాకా ఆ బెడద లేదు.

డబ్బా మీది 2,400 ఎంబీపీఎస్ చూసి మాత్రం ఈ కార్డు కొనకండి. ఇది 2020లో వచ్చిన వైఫై 6ఈ కార్డు. ఆ వేగం రావాలంటే రౌటర్ కూడా అంతటిది ఉండాలి. మా రౌటర్ వైఫై 5ది, నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్‌ది. కాబట్టి 6 గిగాహెర్ట్జ్ సదుపాయం నాకు ప్రస్తుతానికి దండగే. నాకు ఉపయోగపడింది రెండు యాంటెన్నాలు, 5 గిగాహెర్ట్జ్, అంతే. ఆ రెండూ దీనికంటే ముందు 2019లో వచ్చిన ఏఎక్స్200లో కూడా ఉన్నాయి. అది తక్కువకి దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

అందరి లాప్‌టాప్‌కీ ఇది సరిపడదు. ఈ రివ్యూ చదివి ఎవరూ డబ్బు పోగొట్టుకోకూడదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. కొన్ని సన్నటి లాప్‌టాప్‌లలో వైఫై కార్డుని బోర్డుకే టంకం పెట్టేస్తారు, వాటిలో మార్చలేం. బాగా పాతవాటిలో ఈ కార్డు పట్టే రకం స్లాట్ ఉండదు. కొన్ని పాత మోడళ్లలో కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే స్టార్ట్ అయ్యేటప్పుడే తిరస్కరిస్తుంది. రెండో యాంటెన్నా వైరు అసలు లేని లాప్‌టాప్‌లూ ఉన్నాయి. వాటికి యాంటెన్నా కూడా విడిగా వేయించాలి. అందుకే ముందు షాపులో రేకు తీయించి చూసుకుని, తర్వాతే కార్డు ఆర్డర్ పెట్టండి. వారంటీ ఉన్న లాప్‌టాప్ అయితే తెరిచే ముందు కంపెనీని అడగండి.

ఏఎక్స్211 అని అచ్చం ఇలాగే ఉండే ఇంకో కార్డు దొరుకుతుంది, నంబరు పెద్దది కదా అని అది కొనకండి. వైఫై పనిలో కొంత భాగం లాప్‌టాప్‌లోని ఇంటెల్ చిప్పులే చేసిపెట్టాలి దానికి. కాబట్టి కొన్ని తరాల ఇంటెల్ లాప్‌టాప్‌లలో మాత్రమే పనిచేస్తుంది, ఏఎండీ అనే వేరే కంపెనీ ప్రాసెసర్ ఉన్నవాటిలో అసలు పనిచేయదు. ఏఎక్స్210 తన పని మొత్తం తానే చేసుకుంటుంది. విండోస్ 10, 11లలో 64 బిట్ వాటికే డ్రైవర్ ఉంది. లినక్స్ వాడేవాళ్లకి కెర్నల్ 5.10 గానీ ఆ పైది గానీ ఉండాలి. వైఫైకి ఒక డ్రైవర్, బ్లూటూత్‌కి ఇంకో డ్రైవర్. రెండూ ఇంటెల్ సైటు నుంచి ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని షాపుకి వెళ్లండి. కొత్త కార్డుని విండోస్ గుర్తుపట్టకపోతే డ్రైవర్ దింపుకోవడానికి నెట్ ఉండదు. ఇయర్‌ఫోన్లని మళ్లీ కొత్తగా జత చేసుకోవాలి, అది రెండు నిమిషాల పని.

కార్డు మార్చడం కుదరనివాళ్లు ఆ యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొనుక్కుని వైరు లాగించుకోండి. ఎంత మంచి కార్డయినా వైరుకి సాటి రాదు. పిల్లల కచేరీ లైవ్‌లో ఇచ్చే రోజున నేను కూడా వీణ, లాప్‌టాప్ హాల్లోకి మార్చి వైరు మీదే వాయిస్తాను.